ఈతకొలను ఉన్న ఇల్లు

నర్సీపట్నం,
జూన్ 2

ప్రియమైన జోగులూ,

ఫోనైతే మీ మేడమ్ పక్కనే నిలబడి తొందరపెడుతుందన్నావు కాబట్టి, మన మాటలకు ఎప్పటిలా ఉత్తరమే. ఆగస్టులో నువ్వు మస్కట్ పని మానేసి వచ్చేసరికి మనం కొత్త ఇంట్లో ఉంటాం. గొలుగొండ రోడ్డులో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో ఒక పడకగది, హాలు, వంటగది. అద్దెకు తీసేసుకున్నాను. కింద ఏముందో తెలుసా? ఈతకొలను!

ఓనరు జగదీశ్వరరావు గారు నన్ను ఎగాదిగా చూసి, "టైలరువి, నీకు స్విమ్మింగ్ పూల్ ఏటయ్యా?" అన్నారు.

"నాకు కాదండి. మా ఆవిడొత్తాది. ఆవిడకి ఆ నీళ్లంటే పేణం" అన్నాను. ఆయన నవ్వి తాళాలు చేతిలో పెట్టారు.

తొమ్మిదేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ మీ మేడమ్ ఇంటి కొలను గురించే రాశావు. పొద్దున నీలమట, సాయంత్రం బంగారమట. చదివినప్పుడల్లా నీకూ ఒకటి ఉండాలనుకునేవాణ్ణి.

నీ బావ,
కొండబాబు

మస్కట్,
జూన్ 24

ప్రియమైన బావకు,

ఉత్తరం అందింది. నీ దగ్గు తగ్గిందా?

ఆ ఇల్లు వద్దు బావా. కోప్పడకు. కామమ్మ గారి పాత వాటా ఖాళీగా ఉంటే మళ్లీ అందులోకే వెళ్లిపో. కారణం వచ్చాక చెబుతాను. వేళకు తిను.

నీ జోగులు

నర్సీపట్నం,
జూలై 12

ప్రియమైన జోగులూ,

నీ ఉత్తరం షాపులో ఐదారుసార్లు చదివాను. ఆ ధ్యాసలో ఒకావిడ జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టేశాను. కామమ్మ గారి వాటాలో వేరేవాళ్లు దిగిపోయారు.

ఒకే పడకగది అని రాశాననా వద్దంటున్నావు? తొమ్మిదేళ్లలో మూడుసార్లే వచ్చావు, అదీ నెలేసి రోజులు. ఇప్పుడిక ఎప్పటికీ ఇద్దరమే అంటే నాకూ బెరుకుగానే ఉంది. జుట్టు నెరిసింది. గురక కూడా పెడుతున్నానట. నాతో ఉండాలని లేకపోతే దాచకుండా రాయి. నేను హాల్లో పడుకుంటాను. రావడం మాత్రం మానకు.

నీకు ఈత నేర్పుదామని రోజూ గట్టు పట్టుకుని నీళ్లలో కాళ్లాడిస్తున్నాను. పిల్లలు నవ్వుతున్నారు.

నీ కొండబాబు

మస్కట్,
ఆగస్టు 3

ప్రియమైన పిచ్చి బావకు,

నీ ఉత్తరం చదివి ముందు ఏడుపొచ్చింది. హాల్లో పడుకుంటానన్న దగ్గర మాత్రం నవ్వాగలేదు. ఒకే గది అన్న మాట నాకెంత నచ్చిందో నీకు తెలియదు.

బావా, ఆ కొలను కడిగేది నేనే. కాలిపోయే పలకల మీద మోకాళ్లూని బ్రష్షుతో తోమాలి. నీళ్లలో కలిపే మందుకు వేళ్లు పగిలిపోతాయి. పనివాళ్లు మాత్రం అందులో కాలు పెట్టకూడదు. ఇవన్నీ రాస్తే నువ్వు అన్నం తినవు. అందుకే నీళ్ల రంగు రాసేదాన్ని. ఈ ఇంట్లో నీకు రాయదగ్గది అదొక్కటే కనిపించింది. నువ్వేమో దాన్ని నా కోరిక అనుకున్నావు. ఆ మందు వాసన మన గుమ్మంలోకి కూడా వస్తుందని భయపడి వద్దన్నాను.

నిన్న పొద్దున్నే గట్టు మీద కూర్చుని రెండు కాళ్లూ నీళ్లలో పెట్టాను. మేడమ్ మేడ మీంచి కేకేసింది.

"మా ఇంటికాడ నా మొగుడు నాకోసం ఇలాటిదే తీసుకున్నాడమ్మా. సల్లదనం ఎలాగుంటదో సూసుకుంటన్నాను" అన్నాను మన మాటల్లోనే. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నేను లేవలేదు. ఎంత హాయిగా ఉందనుకున్నావు!

ఇల్లు వదలకు. అక్కడ కొలను కడిగేదెవరో కనుక్కో. ముందు వాళ్లింటికి వెళ్లి పలకరించాలి. తర్వాతే ఆ ఇంట్లో అడుగుపెడతాను.

ఈ నెల ఇరవై తొమ్మిదిన పొద్దున్నే నర్సీపట్నం రోడ్ స్టేషన్లో దిగుతాను. ఎవరికీ చెప్పకు. నువ్వొక్కడివే రా.

నీ జోగులు