ఫిడేలుకి పథ్యం

పై వాటా పళ్ళ డాక్టరుగారికి,

కింది వాటా నర్సు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గాని, మీ ఇంట్లో కుశలం లేదని నాకు రోజూ వినబడుతూనే ఉంది. నేను రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చి నడుం వాల్చే వేళకి, సరిగ్గా నా మంచానికి పైన, మీ గదిలో ఎవరో మూలుగుతున్నారు. సన్నగా మొదలై, పైకి పోయి, మధ్యలో విరిగి, చివరికి గరగరమని ఆగుతుంది. బతుకంతా వార్డులో గడిపిన చెవి నాది. ఇది పిత్తాశయంలో రాయి. మన వేళలు కలవవు గనక ఈ ఉత్తరం మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను. మొహమాటపడకుండా సంగతి రాయండి.

ఇట్లు,
కింది వాటా నర్సు

తా.క.: ఆవిడో, ఆయనో గాని, ఊపిరి బిగబట్టకుండా మూలగమనండి. కాస్త తేలిగ్గా ఉంటుంది.

---

నర్సమ్మగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం క్లినిక్కులో చదివి, పేషెంట్లు కూర్చునే కుర్చీలోనే కూలబడ్డాను. మీరు చూపిన శ్రద్ధకి ఏం చెప్పాలో తెలియడం లేదు. అవును, మా అత్తగారికి కొంచెం నలతగా ఉంది. పెద్దవయసు కదా. అంతకు మించి ఏమీ లేదు.

భవదీయుడు,
పై వాటా

తా.క.: నిజంగా మధ్యలో విరిగినట్టే ఉందా? నిన్నటి నుంచి కాస్త సాఫీగా సాగుతోందని నాకనిపించింది.

---

డాక్టరుగారికి,

అత్తగారని తెలిసి ప్రాణం ఉసూరుమంది. వేడినీళ్ళ సంచి మీ గుమ్మం దగ్గర పెట్టాను. నూనె, కారం ముట్టనివ్వకండి. సోమవారం నుంచి ఆవిడ కొత్త మూలుగు పట్టుకున్నారు. మెట్లెక్కినట్టు ఒక్కొక్కటే పైకి వెళ్ళి, మళ్ళీ ఒక్కొక్కటే దిగుతున్నారు. దిగేటప్పుడు ప్రతిసారీ ఒకే చోట కెవ్వుమంటున్నారు. రాయి కదిలిందన్నమాట.

అడక్క తప్పడం లేదు, ఏమీ అనుకోకండి. మీరు క్లినిక్కుకి బయల్దేరగానే మూలుగు ఆగిపోతోంది. మీరు ఇంట్లో ఉంటేనే వినబడుతోంది. కొంపదీసి మత్తు ఇవ్వకుండా ఆవిడ పళ్ళు పీకుతున్నారా? ఆదివారం మా వార్డు డాక్టరుని వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
కింది వాటా

తా.క.: ఇంకా ఎన్ని మిగిలాయో రాయండి.

---

నర్సమ్మగారికి,

ఇక దాచలేను. మా అత్తగారివి కట్టుడు పళ్ళు. నేనే కట్టాను. పీకడానికి అక్కడ ఏమీ లేదు. ఆవిడ గుండ్రాయిలా ఉన్నారు. మూలిగేది ఫిడేలు. మూలిగించేది నేను.

పగలంతా క్లినిక్కు. సాయంత్రం ఫిడేలు మాస్టారి దగ్గరికి వెళితే సగం పాఠంలోనే కళ్ళు మూతలు పడతాయి. పొద్దున్న క్లినిక్కుకి బయల్దేరే ముందు దొరికే అరగంటే నాది. ఈ వయసులో ఈ పిచ్చేమిటంటారేమో. నేను చెయ్యి వేసిన ప్రతి మనిషీ మూలిగినవాడే నర్సమ్మగారూ. ఒక్కసారైనా ఈ చేతుల్లోంచి ఎవరికైనా హాయిగా ఉండే చప్పుడు రావాలని ఆశపడ్డాను. మీ మొదటి ఉత్తరం చూసి సిగ్గేసి అత్తగారిని అడ్డం పెట్టుకున్నాను.

భవదీయుడు,
పై వాటా

తా.క.: కెవ్వుమనే చోట నా చిటికెనవేలు సరిగ్గా పడదు. మాస్టారు అక్కడికి రాగానే కళ్ళు గట్టిగా మూసుకుంటారు. పరవశమేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.

---

డాక్టరుగారికి,

ఫిడేలంటే ఏమిటో నాకు తెలియదనుకున్నారా? మా మేనల్లుడు వాయిస్తాడు. వింటే కడుపు నిండినట్టుంటుంది. ఇది కడుపులో దేవినట్టుంది. ముసలావిడ బాధని చెక్కపెట్టె మీదకి నెట్టడానికి మీకు మనసెలా ఒప్పింది? చదువుకున్నవారు కదా. ఆదివారం నేను, వార్డు డాక్టరు, ఇంటి ఓనరు, ముగ్గురం వస్తున్నాం.

ఇట్లు,
కింది వాటా

తా.క.: అబద్ధమే ఆడదలిస్తే, తలుపు బందు కిర్రుమంటోందని రాయాల్సింది. నమ్మేదాన్ని.

---

నర్సమ్మగారికి,

నిరభ్యంతరంగా రండి. చూడటానికి రోగి లేడు. ఇవాళ పొద్దున్న చివరిసారి వాయించి, ఫిడేలు పెట్టెలో పెట్టి అటకెక్కించేశాను. మీరు కోప్పడ్డారని కాదు. నిజం చెప్పినా అది సంగీతమని మీరు నమ్మలేకపోయారు. ఇన్నేళ్ళు మూలుగులు విన్న చెవికే తేడా తెలియలేదంటే, తేడా లేదనేగా.

మాస్టారికి మానేస్తున్నానని చెప్పాను. వద్దంటారని లోపల ఎక్కడో ఆశ. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, చాలా మంచి పని చేస్తున్నావు నాయనా అన్నారు. దారిలో ఏడుపొచ్చింది. ఇక నాకు మూలుగులే రాసిపెట్టి ఉన్నాయి.

భవదీయుడు,
పై వాటా

తా.క.: అయ్యో, బాగా వాయించేవాడివే అని మా అత్తగారొక్కరే బాధపడ్డారు. ఆవిడకి బ్రహ్మచెవుడు.

---

డాక్టరుగారికి,

ఆదివారం దాకా ఆగలేక నిన్న మధ్యాహ్నం ఒక్కదాన్నే వచ్చాను. కిటికీలోంచి చెయ్యి ఊపితే తలుపు తీసింది మీ అత్తగారే. నన్ను కూర్చోబెట్టి, తనే స్టూలెక్కి అటక మీది పెట్టె దింపారు. నేను తీగల మీద కమాను ఒక్కసారి లాగి చూశాను. అదే మూలుగు. అనరాని మాటలన్నాను, క్షమించండి.

ఇంకో సంగతి. మీరు ఆపేసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. వార్డులో మూలుగులు వినబడుతున్నంతసేపూ నాకు ధైర్యం, అందరూ ఉన్నారని. ఏ మంచం దగ్గరైనా చప్పుడు ఆగిందా, పరుగెత్తుకెళ్ళి నాడి చూస్తాను. ఇప్పుడు ఇంటికొచ్చి పడుకుంటే పైన చప్పుడు లేదు. ఎవరు పోయారోనని దిగ్గున లేచి కూర్చుంటున్నాను. పైన మీరు మూలిగిస్తుంటే, ఆ ధైర్యంతోనే ఇన్నాళ్ళూ పసిపిల్లలా నిద్రపోయానని ఇప్పుడు తెలిసింది. ఎవరికైనా హాయిగా ఉండాలన్నారు కదా. నాకుంది. రేపు పొద్దున్నే మొదలుపెట్టండి. మాస్టారి సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
కింది వాటా నర్సు

తా.క.: ఒక్క మనవి. మరీ త్వరగా నేర్చేసుకోకండి. ఆ చివరి రోజు పొద్దున్న ఓ చిన్న ముక్క అచ్చం పాటలా వినబడి, ఉలిక్కిపడి లేచాను. ఎవరో రేడియో పెట్టారని మనసులో తిట్టుకున్నాను కూడా. అది మీదేనన్నమాట, కాగితం మీద రాసి అడిగితే అత్తగారు చెప్పారు, ఇంట్లో రేడియో లేదని. ఆ ముక్క మాత్రం ఆదివారాలకి అట్టేపెట్టండి. ఆ రోజు నాకు సెలవు. మేలుకుని వింటాను.