ముందురోజు తేదీ

మార్చి 9, సోమవారం
ఆఫీసులో ప్రోగ్రాములు రాసే జావా కొత్త వెర్షన్‌కు మారాం. అందులో తేదీకి కొత్త రకం వచ్చింది. గంటలూ నిమిషాలూ ఉండవు, ఒట్టి తేదీ. ఆసుపత్రికి మేం చేస్తున్న డయాలసిస్ అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాముకు కావలసింది అదే. కానీ మేం వాడే ఫ్రేమ్‌వర్క్‌కు దాన్ని జేసన్‌లో, అంటే బయటికి పంపే రూపంలో, రాయడం తెలియదు. ఎర్రర్ కొడుతోంది.

మార్చి 10
కొత్త తేదీని జేసన్‌లో పెట్టే ఎన్‌కోడర్ రాశాను. చిన్నదే. పేషెంట్ ఫోన్‌కు వెళ్లే మెసేజ్‌లో తేదీ ఉన్నదున్నట్టు వెళ్తోంది.
టీమ్ లీడ్ మురళి గారు స్క్రీన్ వంక కూడా చూడలేదు. "కొత్త రకాలు మనకెందుకమ్మా? పాత రకంలోకి మార్చీసి పంపించీ."
పాతదానికి టైం కూడా ఉండాలి, అర్ధరాత్రి అని పెట్టుకుంటుంది, జేసన్‌లో గ్రీన్‌విచ్ టైంకు ఐదున్నర గంటలు వెనక్కి జరిగి ముందురోజు అయిపోతుంది అన్నాను.
"ఏటీ అవదు."
నా కోడ్ తీసేశారు.

మార్చి 13
క్లయింట్‌కు, అంటే ఆసుపత్రివాళ్లకు, డెమో. తెర మీద తేదీ సరిగ్గానే ఉంది — కంప్యూటర్ మళ్లీ మన టైంకు మార్చుకుంటుంది. మెసేజ్ మార్చుకోదు. ఎవరికి చెప్పను... చప్పట్లు. సోమవారం నుంచి ఆసుపత్రిలో వాడకం మొదలట.

మార్చి 18
మావయ్య ఫోన్. డయాలసిస్‌కని కవిటి నుంచి శ్రీకాకుళం వచ్చాడట. మెసేజ్‌లో ఇవాళే అని ఉందట. కౌంటర్లో "నీది రేపు" అని పంపేశారట. "కాళ్లు ఉబ్బిపోనాయమ్మీ... ఏటి సేస్తాను, ఎల్లిపోతన్నాను." ఇక్కడే ఉన్న నా గదికి రమ్మన్నాను. అప్పటికే బస్సు నరసన్నపేట దాటింది.

మార్చి 19
రాలేదు. లేవలేకపోతున్నాడట.

మార్చి 20
ఊపిరాడక అంబులెన్సులో తెచ్చారు. ఐసీయూ.
ఆఫీసులో గోల. మావయ్య సంగతి చెప్పాను. మావయ్యలాగే ఒకరోజు ముందొచ్చి తిరిగెళ్లినవాళ్లు ఇంకొందరు ఉన్నారు. మురళి గారు తీసేసిన నా కోడ్‌నే వెతికి పెట్టారు — తన పేరుతో. మీటింగ్‌లో "కొత్త రకానికి సపోర్ట్ నేనే రాశాను." బయటికొచ్చాక నాతో, మెల్లగా — "మీ మావయ్యకి ఇవేటీ సెప్పకు. క్లయింట్ ఎల్లిపోతాడు."
తలూపాను. ఎందుకూపానో.

మార్చి 23
మావయ్యను వార్డుకు మార్చారు. మాట్లాడుతున్నాడు. అత్త మంచం పక్కన నిలబడి తిడుతూనే ఉంది. "ఓ తేదీ సూసుకోనేవా? సచ్చిపోదువు కదా!"
మావయ్య నా వంక చూసి నవ్వాడు. "కళ్లు ఆనడం నేదమ్మీ. పంతొమ్మిదిని పద్దెనిమిదని సదివీసినాను. తప్పు నాదే."
మెసేజ్‌లోనే పద్దెనిమిది అని ఉందని నోటిదాకా వచ్చింది.
అత్త అడిగింది, ఇక్కడ మంచి కళ్ల డాక్టరు ఎవరని. చెప్పాను. మావయ్యను ఆసుపత్రి నుంచి పంపేశాక నన్నే తీసుకెళ్లమంది.
సరే అన్నాను.