సరిచేసిన నడక

చిన్నమ్మడూ,

మీ అమ్మ చెబుతుంటే పక్కింటి దర్జీ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నా మోకాలూ క్షేమం. అక్కడ నువ్వూ నీ కంప్యూటరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"ఆ కళ్లద్దాలు బల్లమీద పడేసి ఎందుకు వెళ్లిపోయావు?" అని అడిగావు. మీ ఆఫీసులో బొమ్మల ఊరు చూడమని నాకు తగిలించిన ఆ అద్దాలకి కళ్లు తిరిగాయని ఆ రోజు చెప్పాను. తిరగలేదు, మండాయి. రెండు వేల ఏళ్ల కిందటి రోము వాళ్ల ఊరికి కంప్యూటరులో ప్రాణం పోశామని మీ పెద్దాయన ఊదరగొట్టాడే, ఏదీ ఆ ప్రాణం? ఒక్క గుమ్మం అరగలేదు. ఒక్క గోడకు చేతి మరక లేదు. నిన్న సున్నం కొట్టి ఇవాళ అద్దెకిచ్చే ఇళ్లలా ఉన్నాయి. బట్టలుతికే కొట్టులోంచి ఆడమనిషి తడిమూట ఎత్తుకొని వస్తుంది, వెనక ఒక్క నీటిచుక్క పడదు! ముప్పై ఏళ్లు ఆసుపత్రి దుప్పట్లు ఉతికినదాన్ని, నాకా చూపిస్తావు ఆ దూదిమూట?

"కాస్త మెల్లగా తిట్టండి పిన్నిగారూ, చెయ్యి అందుకోలేకపోతోంది" అంటున్నాడు దర్జీ. రాయవయ్యా, నీ కుట్టుకంటే వంకరగా ఏం రాదులే.

ఇక నువ్వు పంపిన కాగితం సంగతి. నా ఒంటినిండా గుండీల్లాంటివి అంటించి, పొద్దంతా నడిపించి, నా నడక మూట మోసే ఆ ఆడమనిషికి పెట్టారు. అందుకు ఒప్పుకుంటూ ఆ కాగితంమీద నేను వేలిముద్ర వేయకపోతే ఆమెను తీసేయాలట, వచ్చే వారం ప్రదర్శన ఆగుతుందట, నీ ఏడాది కష్టం మట్టిలో కలుస్తుందట. సరే. మరి ఆమె నాలా కుంటుతూ నడవదేం? అడిగితే ఏమన్నావు?

"నడక కొంచెం సరిచేశామమ్మా. చూసేవాళ్లకి బాగుంటుందని."

సరిచేశారట! మహా పనిమంతులు.

ఈ కాలు నాకు పుట్టుకతోనే ఇంతని నీకు చెప్పాను. అబద్ధం. నిన్ను కన్న పదకొండో రోజున, పచ్చి బాలింతను, పనిలోకి వెళ్లాను. రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామన్నారు. తడి దుప్పట్ల మూటతో మెట్లమీద జారాను. నీ మూలంగానే అనుకొని కుములుతావని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఆ కుంటు నీకంటే పదకొండు రోజులు చిన్నది. మీ ఇద్దర్నీ మోసుకుంటూనే ఇంతదూరం వచ్చాను. నువ్వేమో దాన్ని తుడిచేశావు.

ఆ కుంటు తెచ్చి ఆమె కాలికి పెట్టు. మూట వెనక నీటిచుక్కలు కూడా. దర్జీ సిరా డబ్బా నా ముందే పెట్టాడు. మూత నేను తియ్యలేదు.

ఇట్లు,
వేలికి ఇంకా సిరా అంటని
మీ అమ్మ