అత్తయ్య అడిగిన కిటికీ

ఫిబ్రవరి 4
అంగలకుదురులో మా ఇంటి గోడలు నడుమెత్తు లేచాయి. అత్తయ్య ఇటుకల మీద చెయ్యేసి తన గది చూసుకుంది. ఇంత ఇంట్లో ఆమె అడిగింది ఒక్కటే — తూర్పు కిటికీ. "పొద్దున్నే వెలుతురు పడితే కళ్ళజోడుతో కుస్తీ పట్టకుండా బైబిలు చదువుకుంటానే." పాస్టరు గారి ప్రార్థనతో మొదలైన ఇల్లు, ముహూర్తాలూ వాస్తులూ చూడలేదు అని చర్చిలో అందరికీ చెప్పుకుంటోంది.

ఫిబ్రవరి 9
స్టాఫ్ రూములో ప్లాను చూపించాను. నాకు బుద్ధుండాలి. "నైరుతిలో వంటిల్లేంటి టీచర్? ఇల్లాలికి గండమండి" అంది తెలుగు మేడం. నవ్వేశాను. నవ్వుతూనే చెయ్యి రొమ్ము మీదికి పోయింది... కిందటేడు గుంటూరులో అక్కడే గడ్డ తీశారు. భయపడాల్సిందేమీ లేదన్నారు. అంటే నమ్మొద్దూ!

ఫిబ్రవరి 13
నందివెలుగు వెళ్ళాను, వాస్తు చెప్పే సిద్ధాంతి గారి దగ్గరికి. ముఖానికి స్కార్ఫు. మెళ్ళో సిలువ జాకెట్టులోకి దోపేశాను. ఛీ. వంటిల్లు ముందుకి, ఆగ్నేయంలోకి రావాలట. అంటే అత్తయ్య గదిలోకి. ఆమె వెనక్కి. "సరేనండి" అన్నాను. అంత తొందరగా ఎలా అన్నానో.

ఫిబ్రవరి 15
ఈయనతో అబద్ధం. "వంటిల్లు ముందుంటే నీళ్ళు తిన్నగా రోడ్డు కాలవలోకి పోతాయట, ఇంజనీరు గారన్నారు." తల ఊపారు. నా మాట ఎప్పుడు కాదన్నారని!

ఫిబ్రవరి 20
గోడలు కడుతున్న మస్తాన్ మేస్త్రి తాపీ పక్కన పెట్టాడు. "మామ్మగారితో ఓ మాట అన్నారా అండి?" అన్నానని చెప్పాను. ఇంకో అబద్ధం.

మార్చి 2
అత్తయ్య వెనక గదిలో నిలబడింది. కిటికీ అవతల పక్కవాళ్ళ గోడ, చెయ్యి చాపితే అందుతుంది. అటూ ఇటూ చూసి, "ఎండాకాలం చల్లగా ఉంటుందిలే అమ్మాయ్. ఇంజనీరుకి తెలీదా ఏంటి" అంది.
తిట్టినా బాగుండేది.

మార్చి 3
అన్నం సయించలేదు.

జూలై 11
వంటగట్టు బిగించారు. నేను వెళ్ళేసరికి అత్తయ్య వంటింటి కిటికీ దగ్గర, సిమెంటు బస్తా మీద కూర్చుని కీర్తనలు చదువుకుంటోంది. నన్ను చూసి గబగబా లేచింది. "నీ వంటింట్లో అడ్డం రానులే అమ్మా."
నా వంటిల్లట! సిగ్గుతో చచ్చిపోయాను. భయపడి చేశానని చెప్పేద్దామని నోరు తెరిచాను. "కాఫీ తెప్పించనా అత్తయ్యా" అని వచ్చింది.

ఆగస్టు 16
గృహప్రతిష్ఠ వచ్చే ఆదివారం. సాక్ష్యం ఎవరు చెబుతారని పాస్టరు గారు అడిగారు. అత్తయ్య నా భుజం మీద చెయ్యేసింది. "మా కోడలు చెబుతుందండి. దాని ఒంట్లో గడ్డ తీసేసిందీ దేవుడే, ఈ ఇల్లు కట్టించిందీ దేవుడే." నా వైపు తిరిగి — "వాస్తు మాటే ఎత్తని ఇల్లని గట్టిగా చెప్పు. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా వినపడాలి."
"అలాగే అత్తయ్యా." ఏం నోరో నాది.

ఆగస్టు 22
రేపే. ఈయన బయట షామియానా వేయిస్తున్నారు. నా తెల్లచీర అత్తయ్యే ఇస్త్రీ చేయించి తెచ్చింది. సామాన్లు సర్దుతూ వెనక గది వైపు వెళ్ళాను. ట్యూబులైటు వేసుకుని బైబిలు చదువుతోంది — పట్టపగలు.
ఈసారైనా చెప్పేద్దామని గుమ్మంలో ఆగిపోయాను.
"ఏంటే?" అంది, పేజీ మీంచి వేలు తియ్యకుండా.