పద్నాలుగు సెకన్లు

అమ్మకు,

నీ చిన్నమ్మాయి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ అల్లుడి దగ్గు తప్ప. అదీ తగ్గుముఖం పట్టింది. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలోని ప్రశ్నలకి వరసగా జవాబులు చెబుతాను, లేకపోతే మార్కులు కోస్తావు. వేళకి తింటున్నాను. కళ్ళద్దాలు మార్చుకున్నాను. నీ మనవరాలు నీలాగే కుర్చీలకి పాఠాలు చెబుతోంది. కుర్చీలు బుద్ధిగా వింటున్నాయి.

"ఇంతకీ మీ పరిశోధనలో మా టీచర్ల గురించి ఏం తేలిందే?" అని అడిగావు. అది చెప్పాలంటే ముందు మా ఆఫీసు గది గురించి చెప్పాలి. మేడ మీద పడమటి గది. మధ్యాహ్నమయ్యేసరికి ఎండ మెల్లగా బల్ల మీదికి పాకుతుంది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎక్కడెక్కడివో తరగతి గదుల రికార్డింగులు వింటాను. వాటికి పేర్లుండవు, నంబర్లే. ఒకదాంట్లో రేకుల మీద వాన పడుతుంటుంది. ఇంకోదాంట్లో ఎవరో పిల్ల తుమ్మితే గదంతా నవ్వుతుంది. కాసేపటికి నేను ఎక్కడున్నానో మరిచిపోతాను. కిటికీ బయట మబ్బులు, చెవుల్లో ఎక్కాలు. సాయంత్రం మెట్లు దిగుతుంటే కాళ్ళు నేలకి ఆనవు.

తేలింది ఇదీ: మా లెక్కలో ఒక్కో టీచరు రోజుకి రెండు మూడు వందల ప్రశ్నలు వేస్తుంది. వేసి, రెప్పపాటు ఆగి, జవాబు తనే చెప్పేస్తుంది. తప్పు పట్టలేం పాపం. గంట కొట్టేలోగా పాఠం అవ్వాలి, వరండాలో హెడ్‌మిస్ట్రెస్ తిరుగుతుంటుంది. గొంతు అరగదీసుకుంటూ మంచినీళ్ళు తాగడం కూడా మరిచిపోతారు మీరు. అదీ రాసుకున్నాం.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను.

మా నివేదిక మీ బడికి వచ్చిందనీ, నీ తరగతి గురించి "ప్రశ్నకీ జవాబుకీ మధ్య చాలా కాలం వృథా" అని ఉందనీ, మీ హెడ్‌మిస్ట్రెస్ దాన్ని అందరి ముందూ చదివిందనీ రాశావు. "ఎవరు రాశారో గానీ నిజమేనేమో. ముప్పై ఏళ్ళు పిల్లల కాలం పాడు చేశాను. నెలాఖరుకి రాజీనామా ఇచ్చేస్తాను," అన్నావు.

అమ్మా, ఆ వాక్యం నాది.

ఎలా జరిగిందో చెబుతాను, తర్వాత తిట్టు. రికార్డింగులు కొండలా పేరుకుపోతే మేం రెట్టింపు వేగంతో పెట్టి వింటాం. అప్పుడు టీచర్లందరి గొంతులూ పిచ్చుకల్లా ఉంటాయి. మాట వినపడనిచోట "ఖాళీ" అని గుర్తు పెట్టి, చివర ఒక వాక్యం రాసి, ఇంకోటి తీసుకోవడమే. ఎనభై ఆరో నంబరు పిచ్చుక మా అమ్మని నాకు తెలియలేదు. కన్నతల్లి గొంతు గుర్తుపట్టనిదాన్ని, నేను పరిశోధకురాలినట!

నీ ఉత్తరం అందిన మర్నాడు, ఆ వాక్యం ఏ నంబరు కింద రాశానో వెతికి, దాన్ని మామూలు వేగంతో విన్నాను. "చెక్క తేలింది, మేకు మునిగింది. ఎందుకర్రా?" అని అడిగావు. వెంటనే, "ఆగుదాం," అన్నావు. పిల్లలు నిన్ను ఆగుదాం టీచరని పిలిచేది ఇందుకేగా. ఇక మాట లేదు. ఫ్యాను తిరిగింది. బెంచీ కిర్రుమంది. నువ్వు డస్టరుతో బోర్డు తుడుస్తున్నావు, అప్పటికే తుడిచేసిన బోర్డుని, మెల్లగా. పద్నాలుగు సెకన్లు. అప్పుడు వెనకనుంచి ఒక ఆడపిల్ల సన్నటి గొంతు.

"మేకు బరువు కదా టీచర్... మరి ఓడ కూడా ఇనుమేగా?"

నువ్వు నవ్వావు. "అమ్మ దొంగా! అయితే ఇంకాస్త ఆగుదాం," అన్నావు.

నాకు ఏడుపు ఆగలేదు. నీ తరగతిలోనే మూడో బెంచీలో కూర్చున్న ఏడేళ్ళ నేను గుర్తొచ్చాను. మాట కూడదీసుకోవడానికి నాకు ఎంతసేపు పట్టేదో నీకు తెలుసు. నన్ను ప్రశ్న అడిగి, వెనక్కి తిరిగి బోర్డు తుడిచేదానివి. అందరి మొహాలూ చూస్తావు, నా మొహం చూడవని లోపల్లోపల కుమిలిపోయేదాన్ని. ఇన్నేళ్ళూ ఆ కోపం దాచుకున్నాను. నేను బెదిరిపోకూడదని తుడిచేదానివని మొన్న మధ్యాహ్నం తెలిసింది.

మా పెద్ద మేడమ్‌తో అంతా చెప్పేశాను. "ఇలా ఎన్ని విన్నావు?" అంది. నూట నలభై అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "అన్నీ మళ్ళీ వినండి, అందరూ," అంది. తోటివాళ్ళు నా మీద కారాలు మిరియాలు నూరుతున్నారు. మీ బడికి సవరణ ఉత్తరం వెళ్ళింది. మా కాగితాల్లో "ఖాళీ" అన్న గడిని రెండుగా చీల్చాం. రెండో గడి పేరు "ఆగడం".

రాజీనామా నీ ఇష్టం. అలసిపోయి మానేస్తే సరే. నా మాట పట్టుకుని మాత్రం మానకు. ఫోన్‌లో ఎందుకు చెప్పలేదంటావా? నువ్వు ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, కంగారుపడి ఏదో ఒకటి వాగేస్తాను. నన్ను క్షమిస్తావో లేదో ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఈసారి బోర్డు నేను తుడుస్తుంటాను. నువ్వు నిదానంగా చెప్పు.

ఇట్లు,
మూడో బెంచీలోని
నీ చిన్నమ్మాయి