ఓటుకు ముందు లడ్డూలు

న్యూజెర్సీ,
14 అక్టోబరు 1984

వదినగారికి నమస్కరించి రాయునది.

పదిమందిలో నోరు విప్పని నేను ఇక్కడి టౌన్ హాలులో మాట్లాడానని మీ తమ్ముడు ఫోనులో మీకు గొప్పగా చెప్పారట. ఆ గొప్ప నాది కాదని చెప్పడానికే ఇన్నాళ్లకు కలం పట్టాను.

మనవాళ్లం కలిసి కొన్న పాత ఇల్లు గుడి కావాలంటే కౌన్సిలు వారు ఓటు వేయాలి. వారికి ముందే పంచుదామని నైవేద్యం పెట్టిన లడ్డూలు డబ్బా నిండా తీసుకెళ్లాను. తోడు వచ్చిన పక్కింటి గలాస్సీ గారు మెట్ల దగ్గరే ఆపేశారు. ఆయన ఇటలీలో ఒక ఊరికి పదకొండేళ్లు మేయరు. ఇప్పుడు కూతురు లిడియా దగ్గర ఉంటున్నారు.

"ఓటుకు ముందు ఇస్తే లంచం అంటారు మేడమ్. కార్లో పెట్టేయండి."

"దేవుడి ప్రసాదమండీ!"

"నాకూ ఒక కంట్రాక్టరు పండగకని అంజూరపు పళ్ల బుట్ట పంపాడు. తిన్నాను. వారానికి అతని ఫైలు మీద సంతకం పెట్టాను. తలెత్తుకోలేక రాజీనామా చేశాను. లిడియా మాత్రం ఆరోగ్యం బాగోక మానేశాననుకుంటుంది."

డబ్బా కార్లో ఉండిపోయింది. చేతులు ఖాళీ అయ్యాక ఇక నోటితోనే అడగాల్సి వచ్చింది. అడిగాను. ఐదుగురు సరేనన్నారు, ఇద్దరు కాదన్నారు.

బయటికి రాగానే ఆయన చెయ్యి చాపారు. "ఇప్పుడు నేను మేయర్‌ని కాను, రెండు ఇవ్వండి!"

వదినా, మన గుడి ఎవరి చలవో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలని రాశాను. లిడియా చెవిన పడకూడదని మీ తమ్ముడికీ చెప్పలేదు. ఈ కాగితాలు మీ పూజ పెట్టెలో ఉంచండి. ఎవరికీ చూపించకండి.