ఉమ్మడి షెడ్డులో నా వాటా

ఈ వీధి చివర పళ్ళరసాల కార్ఖానా నడుపుతున్న నేను, తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా చేతులారా రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉందని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఆయన మీద నమ్మకం చాలక ఇంకో డాక్టరుకు చూపించుకున్నాను. ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఇంతకుముందు నేను రాశానంటూ ఎవరైనా మరో కాగితం తెస్తే అది చెల్లదు. తెచ్చినవాళ్ళ మొహం బాగా గుర్తుపెట్టుకోండి.

1. దీన్ని అమలు జరిపించే బాధ్యత వకీలు గారిది. మంచివాడే. అయినా నా బీరువా తెరిచేటప్పుడు నా కూతురు పక్కన ఉండాలి.

2. నా స్వార్జితమైన కార్ఖానా, దానిపైన ఇల్లు, యంత్రాలు, వ్యాపారం పేరు సర్వహక్కులతో నా ఒక్కగానొక్క కూతురికి చెందవలెను. రసం పాళ్ళు దానికి నోటితోనే చెప్పాను. రాతలో ఎక్కడా లేవు, అనవసరంగా గోడలు తవ్వకండి.

3. పెద్ద రాగి గంగాళం రొట్టెల బట్టీ వదినకు. వరసకు ఆవిడ నాకేమీ కాదు. నాకు జ్వరం వచ్చినప్పుడల్లా అడగకుండానే రొట్టె పంపేది. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేది. ఆ నవ్వులో ఏముందో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

4. ఉమ్మడి షెడ్డులో నా వాటా. ఇది వివరంగా రాయాలి. నేను కళ్ళు మూయగానే గద్దలు వాలేది దీని మీదే.

ఈ వీధిలో రసాలు, జాము, రొట్టె, సోడా చేసేవాళ్ళం ఒకప్పుడు ఎవరి పొయ్యి వాళ్ళదిగా బతికేవాళ్ళం. తలా కాసిని సీసాలు కొని సీసాలవాడికి లోకువయ్యేవాళ్ళం. పళ్ళు దాచుకునే చల్లగది ఎవరికీ లేదు. ఊరవతల పెద్ద కంపెనీ వెలిసి మా పళ్ళ రైతులను లాక్కుపోవడం మొదలుపెట్టాక, జాము మేష్టారు ఇంటింటికీ తిరిగాడు. బడిలో పాఠాలు చెప్పడం మానేసి జాము కాయడం మొదలుపెట్టిన మనిషి, అందుకే ఆ పేరు. “విడివిడిగా ఉంటే ఒక్కొక్కళ్ళనీ నంజుకు తినేస్తారండీ. సీసాలు కలిసి కొందాం, చల్లగది కలిసి కట్టుకుందాం. ఎవరి వంట వాళ్ళదే” అన్నాడు. ఆఫీసువాళ్ళు దీన్నే క్లస్టర్ అన్నారు. ఇంత తియ్యగా మాట్లాడేవాడి కన్ను నా పాళ్ళ మీదే ఉంటుందనుకున్నాను. అయినా చేరాను. దొంగ దగ్గరుంటేనే కదా కనిపెట్టేది.

షెడ్డు లేచింది. చల్లగది, సీసాలు కడిగే యంత్రం, సరుకు పరీక్షించే గది అమరాయి. అందరి సరుకు మీదా ఒకటే ముద్ర. యంత్రం అజమాయిషీ మా తమ్ముడికి ఇప్పించాను. ఒక ఎండాకాలం నా రసం పులిసి, సీసాల మూతలు దుకాణాల్లోనే టపటపా ఎగిరిపడ్డాయి. ముద్ర ఒకటే కాబట్టి అందరి సరుకూ వెనక్కి వచ్చింది. అందరూ నావైపు చూశారు. నేను జాము మేష్టారి వైపు చూశాను.

“అక్కా, ఇది ఆయన పనే. వాటా అమ్మేసి బయటపడదాం. కంపెనీవాళ్ళు కొంటామంటున్నారు” అని తమ్ముడు చెవిలో వేశాడు. నేను అమ్ముతాననకముందే కొనేవాళ్ళెలా తయారయ్యారు? అక్కడ నా అనుమానం దారి మళ్ళింది. మర్నాడు చెప్పాపెట్టకుండా షెడ్డుకు వెళ్ళి, నా సీసాల వంతు వచ్చినప్పుడు కడిగే నీళ్ళలో వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి, సీసాలో పులుపు చావని వేడి. జాము మేష్టారి వంతులో పెడితే చురుక్కుమంది. యంత్రం నడిపే అతను తల గోక్కుంటూ, “తమ్ముడుగారే తగ్గించమన్నారమ్మా. మీవాటికి అంత వేడి అక్కర్లేదట, గ్యాసు ఆదా అన్నారు” అన్నాడు. ఆదా కోసమో, అమ్మకం కోసమో వాడికే తెలియాలి. వాడి చేతిలో తాళాలు ఆ పూటే లాక్కున్నాను.

ఈలోగా కోసిన పళ్ళు బండ్ల మీదే మగ్గిపోతున్నాయి. నా రసం కొనే నాథుడు లేడు. జాము మేష్టారు తన పని ఆపి, నా పళ్ళన్నీ తన బానల్లో పోయించాడు. ఆ జాడీల మీద తన పేరు పక్కన నా పేరు కూడా వేయించాడు. ఎందుకయ్యా అని నిలదీస్తే, “మీ పళ్ళు కుళ్ళితే ఈగలు మా గోడ దాటి రావాండీ?” అన్నాడు.

నేను నమ్మలేదు. ఆయన జామును చాటుగా వేరే ఊరికి పరీక్షకు పంపాను. కల్తీ లేదు. సీసాల ధర సరిగ్గానే చెబుతున్నాడా అని సీసాలవాడినే అడిగాను. సరిగ్గానే చెబుతున్నాడు. ఆయన ఎవరితో మాట్లాడినా కిటికీలోంచి గమనించాను. ఇన్నేళ్ళు గాలించినా ఒక్క మచ్చ దొరకలేదు. ఈ వీధిలో నేను పూర్తిగా తనిఖీ చేసిన మనిషి ఆయనొక్కడే.

కనుక నా వాటా నా కూతురికి చెందినా, దాన్ని బయటివారికి విక్రయించుటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని వీలులేదు. ఉమ్మడి సమావేశంలో నా ఓటు జాము మేష్టారు వేయవలెను. నా కూతురు తెలివైనదే, కాని నవ్వుతూ అడిగితే ఇల్లు కూడా రాసిచ్చే రకం. ఏనాడైతే అది ఆయన మాటకు అడ్డం తిరిగి, ఎందుకో కారణం చెప్పి గట్టిగా పోట్లాడుతుందో, ఆనాటి నుంచి ఓటు దానిది. ఆ కారణం నిలబడుతుందో లేదో ఆయనే చెప్పాలి.

ఈ సంగతి నేను బతికుండగా ఆయన చెవిన పడకూడదు. తెలిస్తే ఇందులో నా ఎత్తు ఏమిటోనని ఆయన నన్ను అనుమానిస్తాడు.

5. మా తమ్ముడికి, వేడినీళ్ళు కొలిచే థర్మామీటరు. బతికినన్నాళ్ళు పెరటి గదిలో నివాసం, మా ఇంట్లో భోజనం. అమ్మ పోయాక చిన్నతనంలో వాడు నా వీపు మీదే నిద్రపోయేవాడు. తాళంచెవులు మాత్రం ఇవ్వకూడదు.

6. నేను పోయిన రోజున షెడ్డు మూయవద్దు. పళ్ళు మన ఏడుపు కోసం ఆగవు. అందరూ పనిలోకి రావాలి. ఆ పూట జాము మేష్టారు ఒక్కడు రాకపోతే మాత్రం, ఎందుకు రాలేదని ఎవరూ అడగవద్దు.

తేదీ: కాపు ముగిసిన నెల, పదకొండో తారీఖు, సోమవారం.

(సంతకం) పళ్ళరసాల కార్ఖానా యజమానురాలు

సాక్షులు: ఐసు వ్యాపారి, ఎదురింటి గడియారాల మెకానిక్కు. వీళ్ళిద్దరికీ ఇందులో దక్కేదేమీ లేదు. అందుకే పిలిచాను.